పి.టి. రెడ్డి: కళ, బతుకుతెరువు

ఆధునిక భారతీయ చిత్రకళా చరిత్రను 1947లో బొంబాయిలో వెలసిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుతో మొదలుపెట్టడం పరిపాటి. కాని అంతకు ఆరేళ్ల ముందే, 1941లో, అదే నగరంలో అయిదుగురు యువ చిత్రకారులు ఒక బృందంగా నిలబడ్డారు. వారిలో ఒకరు కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వెళ్లి జె.జె. కళాశాలలో చదివిన పాకాల తిరుమల్ రెడ్డి (1915–1996).

ఆయన హైదరాబాదుకు తిరిగివచ్చి కుర్చీలూ బల్లలూ చేయించే వ్యాపారం పెట్టారు. కళను వదిలి కర్రను పట్టారని నిందించడం సులభం. అయితే నాడు చిత్రకారుణ్ణి పోషించే దెవరు? 1948తో నైజాం పాలన ముగిసింది. దర్బారు ఆదరణకు కాలం చెల్లింది. బొమ్మలు కొనే మధ్యతరగతి ఇంకా తలెత్తలేదు. కర్రపని ఆయనకు కూడు పెట్టడమే కాదు, కొనేవాడి అభిరుచికి తలవంచే అగత్యాన్ని కూడా తప్పించిందనుకోవాలి. తైలవర్ణాలు, ముద్రణ చిత్రాలు, శిల్పం అన్నిటా చెయ్యి చేసుకోగలిగారు.

1970 దశకంలో ఆయన తంత్ర చిహ్నాల వైపు మళ్లారు. బిందువులూ త్రికోణాలూ పటాన్ని ఆక్రమించాయి. అదే ఇంట ఆయన సహచరి యశోదారెడ్డి తెలంగాణ పల్లె పలుకుబడిని కథల్లో నిలిపారు. ఆ పల్లె మనుషులు ఈ యంత్రాల మధ్య పలచబడ్డారన్న విమర్శ చేయక తప్పదు. కాని ఆ మలుపు మార్కెట్టు ఆజ్ఞ కాదు, తాను ఎంచుకున్న దారి.

ప్రయోగాన్ని మెచ్చుకోవడం తేలిక. ఆ ప్రయోగానికి అన్నం పెట్టిన దెవరని అడగడం చరిత్రకారుని బాధ్యత.