లోటు కిందికి, రాబడి పైకి

ఒంగోలుకు మునిసిపాలిటీ వచ్చింది 1876లో. ధాత కరువు మొదలైందీ ఆ ఏడాదే. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, 1904లో గాని గుంటూరు వైపు వెళ్లలేదు. జిల్లా కేంద్రమైన నెల్లూరుకు అంతకు పదేళ్ల ముందే, 1866లో, మునిసిపాలిటీ ఏర్పడింది. ఊరి పాలన కొత్తగా కళ్లు తెరుస్తున్న వేళకే ఊరి చుట్టూ పంటలు ఎండాయి, గొడ్లు చచ్చాయి, పల్లెల జనం పట్నం దారి పట్టారు. ఇలాంటి కాలాల్లో చిన్న ఊళ్ల పాలన ఎందుకు చతికిలబడుతుందో చెప్పేటప్పుడు చరిత్రకారులు ఎక్కువగా ఊళ్లనే తప్పుపడతారు. పన్నులు వసూలు చేసుకోలేకపోయారని, ఖర్చు అదుపులో పెట్టుకోలేదని అంటారు. నెల్లూరు తీరపు పద్దులు చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది. పై సర్కారు తన లోటును కిందికి దించుతూ వచ్చింది, రాబడి వచ్చే పన్నులను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. కరువు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు బయటపడింది, అంతే.

అసలు ఊళ్లకు మునిసిపాలిటీలు ఎందుకు ఇచ్చారో ముందు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1865 చట్టం కింద ఏర్పడ్డ మునిసిపాలిటీలు దీపాలు, చెత్త, వీధుల సంగతి ఎలా ఉన్నా, ముందు ఊరి పోలీసుల ఖర్చు భరించాలి. అంటే సర్కారు చేయాల్సిన పనికి ఊరి చేత డబ్బు కట్టించుకునే ఏర్పాటు. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా తేరుకోలేదు. 1870లో వైస్రాయి మేయో బడి, ఆసుపత్రి, రోడ్డు వంటి పద్దులను రాష్ట్రాలకు అప్పగించాడు గాని, వాటితో ఇచ్చిన మొత్తం అంతకు ముందు అయ్యే ఖర్చుకు సరిపోలేదు. ఆ తేడా రాష్ట్రాల నుంచి జారి మరుసటి ఏడు వచ్చిన చట్టాలతో ఊళ్ల మీద, లోకల్ ఫండ్ బోర్డుల మీద పడింది. భూమి శిస్తు మీద రూపాయికి అణా చొప్పున సెస్సు వేసే అధికారం బోర్డులకు దొరికింది. ఊళ్లకు మిగిలినవి ఇంటి పన్ను, వృత్తి పన్ను, బండ్ల పన్ను, టోలుగేటు, సంత ఆశీలు. ఇదే తీరంలో ఇసకపల్లి, కనుపర్తి ఉప్పు కొటార్ల నుంచి కదిలే ప్రతి మణుగు మీదా సుంకం మాత్రం నేరుగా సర్కారు ఖజానాకే పోయేది.

కరువులో ఈ పన్నులకు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. భూమి శిస్తు పొలానికి కట్టిన లెక్క, పండినా ఎండినా కాగితం మీద నిలిచే ఉంటుంది. సంత ఆశీలుకు ఆ ధీమా లేదు. బండ్లు రాకపోతే గేటు దగ్గర పైసా రాలదు, ఆశీళ్ల వేలంలో పాటదారు పాట తగ్గిస్తాడు, అద్దెకు దిగేవాడు లేని ఇంటికి పన్ను కట్టమంటే యజమాని బకాయి పెడతాడు. ఊరికి ఉన్నవన్నీ సందడి మీద ఆధారపడ్డ పన్నులే. సందడి పోయిన ఏడే శవాలు ఎత్తించడం, కలరాకు మందు, బావుల శుభ్రం అన్నీ ఒక్కసారిగా నెత్తిన పడతాయి. అదే సమయంలో పై సర్కారు ఏం చేసింది? 1877 డిసెంబరులో మద్రాసులో ఉప్పు సుంకాన్ని మణుగుకు రూపాయి పదమూడణాల నుంచి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచింది. 1878లో కరువు నిధి పేరుతో వ్యాపారుల మీద లైసెన్సు పన్ను వేసింది. మునిసిపాలిటీకి వృత్తి పన్ను కట్టే అంగడి షావుకారే దానికీ కట్టాలి. ఒకే జేబులో రెండు చేతులు పెడితే బలమైన చెయ్యి ముందు తీసుకుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఊరి పెద్దలే ఇంటి యజమానులు, పన్ను వేయాల్సింది వాళ్లే, కట్టాల్సిందీ వాళ్లే. అందుకని రేటు పెంచరు, బకాయి పడ్డ చుట్టాన్ని అడగరు. 1884 చట్టం తర్వాత, పన్ను కట్టేవాళ్లే ఓటర్లయ్యాక, ఈ జబ్బు ముదిరిన మాట నిజం. కానీ ధాత కరువు నాటికి కౌన్సిళ్లలో ఎన్నికైనవాళ్లు దాదాపు లేరు, సభ్యులు నియమితులు, అధ్యక్ష పీఠంలో కలెక్టరు. ఊరి పెద్దల మొహమాటం వల్ల పద్దు మునిగిందనాలంటే ముందు ఆ మొహమాటం చూపించే అధికారం వాళ్లకు ఉండాలి కదా.

దీనికంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. కరువులో జనాన్ని బతికించింది ఊరు కాదు, సర్కారు. తూర్పు తీరపు కాలువ తవ్వకం ఈ జిల్లాలో పెద్ద కరువు పని అయింది. ఆనాటి గవర్నరు పేర అదే బకింగ్‌హాం కాలువ అయింది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యువకుడిగా సర్వే పని నేర్చినవాడు, మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపాడు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ చరిత్రలో పెద్దగా వినిపించే ఈ అంకె వెనక ఆకలి ఎంత, ఆత్మగౌరవం ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. మన విషయానికి వస్తే, కొత్తగా పుట్టిన మునిసిపాలిటీకి ఆ స్థాయిలో కూలి చూపే శక్తి లేదన్నది నిజమే. పది తాలూకాలు ఒకేసారి ఎండితే ఏ ఒక్క ఊరి పద్దూ ఆగదు, విశాలమైన ఖజానా దిగిరావాల్సిందే. ఈ మాట నేను ఒప్పుకుంటాను. కానీ దీనివల్ల తేలేది కష్టకాలంలో డబ్బు పై నుంచి కిందికి రావాలనే. భారం కిందికి నెట్టాలని దీనివల్ల తేలదు. మేయో లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. పైగా కాలువ తవ్వడానికి వచ్చిన డబ్బు కాలువతోనే ఆగింది, ఊరి బావికి, ఊరి ఆసుపత్రికి చేరే దారి లేదు.

1930ల ఆర్థిక మాంద్యం ఈ వాదనకు రెండో సాక్ష్యం. ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయల్లో నిర్ణయించినది, ధరతో పాటు పడిపోలేదు, కాబట్టి రైతు శిస్తు కట్టడానికి రెండింతలకు దగ్గరగా వడ్లు అమ్ముకున్నాడు. రైతు చేతిలో డబ్బు లేకపోతే నెల్లూరు బజారులో కొనేవాడు లేడు, బజారు ఆడకపోతే మునిసిపాలిటీకి రాబడి లేదు. ఈ కాలంలోనే, 1931లో, మద్రాసు ప్రభుత్వం మోటారు వాహనాల పన్ను తెచ్చి ఊళ్ల టోలుగేట్లు ఎత్తేసింది. గేట్ల దగ్గర బళ్లు ఆపి పీడించే బాధ పోయినందుకు జనం సంతోషించారు, సంతోషించాల్సిందే కూడా. కానీ ఊళ్లకు దక్కింది పాత రాబడి లెక్కన కట్టిన పరిహారం. బస్సులు, లారీలు పెరిగే కొద్దీ పెరిగే పన్ను పైవాళ్లది. 1933లో మునిసిపాలిటీల మీద ప్రభుత్వం నియమించే కమిషనర్ల పద్ధతి వచ్చింది, 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. పొదుపు అనీ, ముఠా తగాదాలు అనీ కారణాలు చెప్పారు. ముఠా తగాదాలు లేవని నేననను. అయితే వెయ్యి రూపాయలు ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించే అధికారం లేని సభలో, కాంట్రాక్టు ఎవరికి దక్కాలన్న తగువు తప్ప ఇంకేం మిగులుతుంది?

తెల్లదొరల కాలంతోనే ఇది ముగిసిందనుకోవడానికి లేదు. 1992 నాటి 74వ సవరణ పట్టణాలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది, రాష్ట్ర ఆర్థిక సంఘాలు వేయమంది. అయినా పాత తీరు పోలేదు. 2020లో కోవిడ్ దెబ్బకు రాష్ట్రాల రాబడి పడిపోయినప్పుడు, కేంద్రం వాటి అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచి, అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నును భూమి విలువతో ముడిపెట్టడం, నీటికీ మురుగుకూ ఛార్జీలు వేయడం ఆ షరతుల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్ దాన్ని ముందుగా పూర్తి చేసి 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి తెచ్చుకుంది. 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న హద్దుతో. ఆస్తి విలువ పద్ధతి అద్దె విలువ కంటే మెరుగని వాదించేవాళ్లున్నారు. పన్ను పద్ధతిగా చూస్తే వాళ్ల మాటలో పస ఉంది, ఆ రాబడి మునిసిపాలిటీకే చేరుతుంది కూడా. అయినా ఆ సంస్కరణ పుట్టింది ఊరి అవసరంలోంచి కాదు, రాష్ట్రం అప్పు అవసరంలోంచి. కావలి, గూడూరు కౌన్సిళ్లు కూర్చుని తమ వీధులకు ఎంత కావాలో లెక్కవేసి కోరిన పన్ను కాదది. వాళ్లను అడిగే పనే పడలేదు.