చర్లపల్లిలో తయారైన కంప్యూటర్లు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చరిత్ర విషయం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు ఎవరికైనా కాకతీయులో, కుతుబ్‌షాహీలో గుర్తుకు రావడం సహజం. వారిని గురించి సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎక్కువ కాలం స్టోర్సు సెక్షనులో గుమాస్తాగా పనిచేసినవాడిని. ఇండెంట్లు, కొటేషన్లు, స్టాకు రిజిస్టర్లు – నేను ఎక్కువగా చదివిన గ్రంథాలు ఇవే. కనుక ఆ దారిలో నాకు తారసపడిన ఒక చరిత్రను, అంటే మన హైదరాబాదులోనే తయారైన కంప్యూటర్ల చరిత్రను, సభ్యుల ముందు ఉంచుతున్నాను.

దీనికి కారణం లేకపోలేదు. ఇప్పుడు మన పిల్లలూ, మనుమలూ నలుగురు ఒకచోట చేరితే ఏ ఫోనులో ఏ చిప్పు ఉంది, ఏ ల్యాప్‌టాప్‌లో మెమరీ ఎంత, కొత్త మోడలు ఎప్పుడు వస్తుంది అన్న కబుర్లే. మనవాళ్ళు సాఫ్ట్‌వేరులో గట్టివాళ్ళు గానీ యంత్రం తయారు చేయడం మనకు ఏనాడూ చేతకాలేదన్న మాట ఆ కబుర్లలో తరచు వినబడుతుంది. పక్కన కూర్చున్న మనం కూడా తల ఊపుతుంటాం. ఆ మాట నిజం కాదు. మనకు చేతనైంది. చేతనైనదాన్ని నిలుపుకోవడంలోనే తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు అన్న మాటలు కొత్తగా వినే ఇంటి పెద్దల కోసం ఒక్క ముక్క. హార్మోనియం పెట్టె హార్డ్‌వేరు. దాని మీద వాయించే రాగం సాఫ్ట్‌వేరు. ఇక్కడ నేను చెప్పేది పెట్టె సంగతి.

మొదటి యంత్రాలు

మన దేశానికి మొట్టమొదట వచ్చిన కంప్యూటరు బ్రిటన్ నుంచి కొని తెచ్చినది. 1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు దానిని తెప్పించారు. ఆ తరువాత బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు సొంతంగా ఒక కంప్యూటరు నిర్మించి 1960లో పనిలోకి తెచ్చారు. 1962లో నెహ్రూ గారు దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టారు. అయితే ఇది ఆ సంస్థ అవసరాలకు కట్టుకున్న ఒకే ఒక యంత్రం. ఒక నమూనా ప్రకారం పది తయారు చేసి పదిమందికి అమ్మడం వేరే విద్య. ఆ విద్యకు కేంద్రం మన హైదరాబాదు అయింది.

ట్రాంబే నుంచి చర్లపల్లికి

1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనం ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచుకునే సంస్థ, అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఏర్పడింది. దానిని నిలబెట్టినవారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొని, హోమీ భాభా గారి బృందంలో పనిచేసిన మహనీయుడాయన. ఎ.ఎస్. రావు నగర్ అని మనం ఆటోవాడికి చెప్పే పేరు ఆయనదేనని నేటి పిల్లల్లో ఎందరికి తెలుసునో చెప్పలేను.

ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రం ఇంజనీర్లు 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును రూపొందించారు. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది ఆ పేరుకు పూర్తి రూపం. ఆ నమూనాను తీసుకొని అమ్మకానికి తయారు చేసే బాధ్యత ఇ.సి.ఐ.ఎల్. వహించింది. తరువాత టి.డి.సి.-312, 1975 ప్రాంతంలో టి.డి.సి.-316, 1978లో మైక్రో-78 వచ్చాయి. ఇవి పరిశోధనాలయాలకూ, విశ్వవిద్యాలయాలకూ, ప్రభుత్వ సంస్థలకూ వెళ్ళాయి. మనలో చాలామంది ఇళ్ళలో ఒకప్పుడు కొలువుతీరిన ఈసీ టీవీ కూడా ఈ సంస్థదే.

ఆనాటి మెమరీ ఎలా ఉండేదో చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇనుప సమ్మేళనంతో చేసిన అతి చిన్న వలయాలను సన్నని తీగలకు పూసలు గుచ్చినట్టు గుచ్చేవారు. ఒక్కొక్క వలయం ఒకటో, సున్నానో గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పన్నెండేసి అంకెల మాటలు 4,096 నిలవచేయాలంటే 49,152 వలయాలు కావాలి. అంతాచేస్తే వచ్చేది 6 కిలోబైట్లు. నేటి మామూలు ఫోనులో 8 గిగాబైట్ల మెమరీ ఉందనుకుంటే అది దానికి సుమారు 14 లక్షల రెట్లు. కానీ ఆ ఆరు కిలోబైట్లతోనే లెక్కలు నడిచాయి.

ఐ.బి.ఎం. వెళ్ళిపోయిన తరువాత

ఆ రోజుల్లో దేశంలో పెద్ద ఆఫీసులలో కనబడే కంప్యూటర్లు ఎక్కువగా ఐ.బి.ఎం. వారివి. 1959లో అమెరికాలో విడుదలైన 1401 నమూనా మన దగ్గర చాలా కాలం రాజ్యమేలింది. యంత్రం అమ్మేవారు కాదు, ఎక్కువగా అద్దెకిచ్చేవారు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాను తగ్గించుకొని భారతీయులకు భాగం ఇవ్వాలి. జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ గారు పరిశ్రమల మంత్రిగా ఉండగా ఇది పట్టుదలకు వచ్చింది. ఐ.బి.ఎం. వాటా వదులుకోవడానికి ఇష్టపడక 1978లో దేశం విడిచి వెళ్ళింది.

కంపెనీ వెళ్ళింది గానీ యంత్రాలు ఇక్కడే ఉన్నాయి. వాటి బాగోగులు చూసే భారం ప్రభుత్వ సంస్థ అయిన సి.ఎం.సి. మీద పడింది. విడిభాగాలు అడిగినదే తడవుగా రాని రోజులవి. అయినా ఆ ఇంజనీర్లు ఏళ్ళ తరబడి ఆ యంత్రాలను నడిపించారు. రిపేరు చేస్తూ చేస్తూ యంత్రం లోగుట్టు తెలుసుకున్నారు. రైల్వే రిజర్వేషనుకు కంప్యూటరు టిక్కెట్టు తెచ్చిపెట్టినది కూడా ఈ సి.ఎం.సి. వారే. న్యూఢిల్లీలో 1980ల నడుమ మొదలైన ఆ పద్ధతి మనకు సికింద్రాబాదు దాకా వచ్చింది. అంతకు ముందు ఆ కౌంటర్ల దగ్గర తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ధర కాలమ్‌లో కనబడనిది

1978 నాటికే ప్రైవేటు కంపెనీలకు చిన్న కంప్యూటర్ల తయారీకి దారి దొరికింది. హెచ్.సి.ఎల్. వారి 8సి ఆ సంవత్సరమే వచ్చింది. 1981లో ఐ.బి.ఎం. అమెరికాలో పి.సి. విడుదల చేసింది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించి దిగుమతులను సులభం చేసింది. విడిభాగాలు బయట నుంచి తెప్పించి ఇక్కడ బిగించే కంపెనీలు పుట్టుకొచ్చాయి. ధరలు దిగివచ్చాయి. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, అంచెలంచెలుగా ఈ వస్తువుల మీద దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. బిగించడం కూడా గిట్టుబాటు కాని స్థితి వచ్చింది.

ఇందులో తప్పంతా ఒకరి మీద వేయడం న్యాయం కాదు. సొంత యంత్రాల ధర ఎక్కువ, సరఫరా ఆలస్యం అన్న విమర్శ ఆనాడే ఉంది. పైగా కాలమే మారింది. ఇ.సి.ఐ.ఎల్. యంత్రాల కోవకు చెందిన మినీ కంప్యూటర్లకు ప్రపంచంలో పేరుమోసిన అమెరికా కంపెనీ డి.ఇ.సి. కూడా 1998లో కాంపాక్ చేతికి అమ్ముడుపోయింది. అయితే స్టోర్సు గుమాస్తాగా నాకు కనబడిన ఒక సంగతి మాత్రం చెప్పాలి.

మా ఆఫీసులో ఫేసిట్ లెక్కల యంత్రం ఒకటి ఉండేది. పిడి పట్టి తిప్పితే కూడికలు, హెచ్చవేతలు చేసేది. నేను చేరిన 1974 నాటికే అది పాతది. మెకానిక్కు అప్పుడప్పుడు బ్రష్షు, నూనె డబ్బా పట్టుకొని వచ్చి దానినీ, టైపు మిషన్లనూ శుభ్రం చేసి వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా అది తిరిగింది. 1990ల మొదట్లో మాకు కంప్యూటరు వచ్చింది. దానికి చల్లని గది, గది బయట చెప్పులు విడవడం, సాయంత్రం గుడ్డ కప్పడం – పూజగది మర్యాదలన్నీ జరిగాయి. మూడేళ్ళు తిరగకుండానే మూలపడింది. సరఫరా చేసిన వ్యాపారి దుకాణం ఎత్తివేశాడు. కావలసిన చిన్న కార్డు అప్పటికి ఎవరి దగ్గరా లేదు. అందులో పోయినది జీతాల బిల్లుల వివరాలు. వాటిని పాత ఆఫీసు కాపీలు చూసి మళ్ళీ వ్రాసుకున్నాం.

టెండరులో మేము తయారు చేసే తులనాత్మక పట్టికలో ధరకు కాలమ్ ఉంది, డెలివరీ గడువుకు కాలమ్ ఉంది. పదేళ్ళ తరువాత దీనిని బాగు చేసేవాడెవడు అన్నదానికి కాలమ్ లేదు. అందరికన్నా తక్కువ కోట్ చేసినవారికే ఆర్డరు. ఒక్క ఆఫీసులో జరిగిన ఈ పనే వేల ఆఫీసులలో జరిగితే, ఎక్కువ ఖర్చు పెట్టి చేసేవాడూ, బాగుచేసేవాడూ ఇద్దరూ మిగలరు. చేయడం మానేసిన చేతికి నేర్పు నిలవదు.

చిప్పుల సంగతీ అంతే. మొహాలీలో ప్రభుత్వం పెట్టిన సెమీకండక్టర్ కాంప్లెక్సు 1984లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తిరిగి కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ప్రపంచం ముందుకు వెళ్ళిపోయింది.

నిలిచిన యంత్రం

అన్నీ పోలేదు. మనలో ఎన్నికల డ్యూటీ చేయనివారు అరుదు. బ్యాలెట్ పెట్టె, లక్క, సీలు, రాత్రంతా లెక్కింపు – అవన్నీ చూసినవాళ్ళం. ఆ తరువాత చేతికి వచ్చిన కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వాటి మధ్య అయిదు మీటర్ల తీగ మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఓటింగు యంత్రాన్ని తయారు చేసే రెండు సంస్థల్లో ఒకటి మన ఇ.సి.ఐ.ఎల్., రెండవది బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్.

దాని చరిత్ర చూడండి. 1982 మేలో కేరళలోని పరవూరు ఉప ఎన్నికలో 50 పోలింగు కేంద్రాలలో వాడారు. చట్టంలో దీనికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1988 డిసెంబరులో చట్టాన్ని సవరించారు. 1989-90లో తయారైన యంత్రాలను మళ్ళీ ప్రయోగాత్మకంగా వాడినది 1998 నవంబరులో, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 అసెంబ్లీ స్థానాలలో. 2004 లోక్‌సభ ఎన్నికలకు 543 నియోజకవర్గాలలోనూ అవే. అంటే మొదటి పరీక్ష నుంచి పూర్తి వాడకం దాకా 22 ఏళ్ళు! ఇంతకాలం ఆ యంత్రం బతికి ఉండడానికి కారణం ఒక్కటే. కొనేవారు, అంటే ఎన్నికల సంఘం వారు, పట్టు విడవలేదు; చేసేవారు చేతి నేర్పు పోగొట్టుకోలేదు. అదే సంస్థ, అవే చేతులు. కంప్యూటర్ల విషయంలో అటువంటి పట్టువిడవని కొనుగోలుదారు దొరకలేదు.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం చిప్పుల పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. 2025 సెప్టెంబరులో విక్రమ్ అనే 32 బిట్ల చిప్పును ప్రధానమంత్రికి అందజేశారు. అంతరిక్ష శాఖ అవసరాల కోసం దానిని తయారు చేసినది ఒకప్పుడు కాలిపోయిన ఆ మొహాలీ కర్మాగారమే. సంతోషించవలసిన వార్త. డబ్బు పెట్టడం మొదటి మెట్టు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు విడవకుండా కొనడం, బాగుచేయడం, నేర్చినవారిని నిలుపుకోవడం తరువాతి మెట్లు. కిందటిసారి మనం జారినది ఆ మెట్ల మీదనే.

సభ్యులకు మనవి

కుషాయిగూడ, చర్లపల్లి, ఎ.ఎస్. రావు నగర్ కాలనీల్లో ఆ యంత్రాలను స్వయంగా బిగించినవారు, పరీక్షించినవారు, ఊరూరా తిరిగి రిపేరు చేసినవారు ఇప్పుడు మనలాగే పెన్షనర్లుగా ఉన్నారు. వారి వయస్సు డెబ్బై దాటింది, కొందరిది ఎనభై దాటింది. వారు చేసినది పుస్తకాలలో నాలుగు వాక్యాలకు మించి లేదు. మన సభ్యుల బంధుమిత్రులలో అటువంటివారు ఉంటే వారి చేత వ్రాయించండి. చేయి వణికితే వారు చెబుతుండగా మనుమడి చేత ఫోనులో రికార్డు చేయించండి. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చేది, ఏది పాడయ్యేది, లేని భాగానికి బదులు ఏమి వాడేవారు – ఇటువంటివి అడగండి. పాత మాన్యువళ్ళు, ఫోటోలు, సర్క్యూటు పటాలు ఉంటే పాతకాగితాల వాడికి వేయనివ్వకండి.

కొత్త చిప్పుల గురించి ఉత్సాహంగా మాట్లాడుకునే మన పిల్లలకు ఈ సంగతులు చెబుదాం. ఇంతకు ముందు చేసినవారు ఉన్నారని తెలిస్తే, చేయగలమన్న నమ్మకం దానంతట అదే వస్తుంది.