బెదురు పిరికితనం కాదు

కాకతి గణపతిదేవుని కొలువులోని జాయప సేనానిని మనం ‘నృత్త రత్నావళి’ కర్తగానే తలుచుకుంటాం. ఆయన ఉద్యోగం మాత్రం గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. ఓరుగల్లులో భేరీల మోతకు చెదరకుండా నిలిచిన ఆ ఏనుగులు పుట్టుకతోనే ధైర్యం గలవేమీ కావు. యుద్ధపుటేనుగుకు అర్థశాస్త్రం ఏడు రకాల శిక్షణ చెప్పింది. జంతువు బెదురుతుందని పూర్వులు ఎరుగుదురు కాబట్టే అంత శ్రమపడ్డారు. ఆ బెదురునే ఆయుధం చేసుకున్నవారూ ఉన్నారు. ఐన్-ఇ-అక్బరీలో చెప్పిన ‘చర్ఖీ’ మందు దట్టించిన వెదురు గొట్టం. దాన్ని అంటిస్తే ఎంత మొండికేసిన ఏనుగైనా జడిసి ఆగేది. కొండంత ఏనుగే జడిసే చప్పుడుకు దీపావళి రాత్రి ఇంటి కుక్క మంచం కిందికి దూరితే, ‘ముద్దుచేసి చెడగొట్టారు’ అనడం అన్యాయం.

‘మరి ఊళ్లో పశువులు రైలుకు బెదరవు కదా’ అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. దాదాపు వందేళ్ల కింద, 1929 నాటికి, కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయింది. అప్పటి నుంచి మద్రాసు–ఢిల్లీ బండ్లు ఓరుగల్లు దగ్గరి హసన్‌పర్తి రోడ్డు స్టేషను మీదుగానే పోతున్నాయి. రైలు చప్పుడు రోజూ ఒకే దిక్కు నుంచి వస్తుంది, దూరాన మొదలై మెల్లగా పెరుగుతుంది, ఏ హానీ చేయకుండా వెళ్లిపోతుంది. అందుకే పట్టాల పక్కన మేసే బర్రె తల కూడా ఎత్తదు. పటాకీ అట్లా కాదు. ఏడాదికి రెండు మూడు రాత్రులు, ఎటు నుంచో, చెప్పాపెట్టకుండా పేలుతుంది. దానికి అలవాటుపడే వీలుండదు సరికదా, చాలా కుక్కల్లో ఏటేటా భయం ముదురుతుంది. పైగా మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది.

పటాకులు మన ఆచారమే కదా అనేవారికి చరిత్రే జవాబు చెబుతుంది. 1443లో పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ విజయనగరంలో చూసిన బాణసంచా రాజుగారి వేడుక. ఇంటింటా పేలే పటాకీ చాలావరకు శివకాశి పరిశ్రమ తెచ్చింది. 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చాక, 1940 దశకంలో శివకాశిలో బాణసంచా తయారీ ఊపందుకుంది. దీపం వెలిగించే ఆచారం అంతకన్నా ఎంతో పాతది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత పటాకులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అది కూడా పాటించకుండా ఆచారం పేరు చెప్పడం నాకు ఒప్పుదల కాదు.

ముందుగా శిక్షణ ఇచ్చే మావటీల దారే ఇంటి కుక్కకూ పనికొస్తుంది. పండుగకు కొన్ని వారాల ముందే పటాకుల రికార్డింగును అతి తక్కువ శబ్దంతో వినిపిస్తూ, ఇష్టమైన తిండి పెడుతూ, అది బెదరనంతవరకే కొద్దికొద్దిగా పెంచాలి. ఆ రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో వేసి, దగ్గరగా కూర్చోండి. దగ్గరకు తీస్తే భయం పెరుగుతుందన్న మాట నమ్మకండి. మరీ వణికేదైతే మనుషుల నిద్రమాత్రలు మాత్రం వేయకండి, పశువైద్యుడిని ముందుగానే కలవండి. పక్కింట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే, పటాకీ అంటించే ముందు వాళ్లకొక మాట చెప్పండి.