ఈగలు దూరిన స్టెతస్కోపు

స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు రెనే లెనెక్ 1826 ఆగస్టు 13న కన్నుమూశాడు. 2026 ఆగస్టుకు 200 ఏళ్లు. ఆయన మీద పేజీ నింపమని డెస్కు వాళ్లు అడిగారు. లెనెక్‌ను నాలుగు ముక్కల్లో ముగించి అమెరికా వెళ్లిపోతాను. అసలు వినోదం అక్కడుంది.

రోగిని పరీక్షించడమంటే ఇప్పటికీ నాలుగే పనులు: కళ్లతో చూడటం, చేత్తో తడమడం, వేలితో తట్టడం, చెవితో వినడం. మెడికోలు ఇన్‌స్పెక్షన్, పాల్పేషన్, పర్కషన్, ఆస్కల్టేషన్ అని వరసగా అప్పజెప్పేది వీటినే. పొట్ట దగ్గర మాత్రం వరస మారుతుంది. ముందే నొక్కితే పేగుల చప్పుడు మారిపోవచ్చని, అమెరికాలో నర్సింగ్ విద్యార్థులకు ముందు వినమనీ ఆ తరవాతే తడమమనీ చెబుతారు.

హిపోక్రటీసు కాలం వాళ్లు ఛాతీకి చెవి ఆనించి విన్నారు. మన వైద్యగ్రంథం బసవరాజీయం నాడీపరీక్ష చెప్పింది. మధ్యలో వందల ఏళ్లు ఒక్క గంతులో దాటేద్దాం. 1761లో వియన్నాలో లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్, ఛాతీని తట్టి లోపలి జబ్బు చెప్పవచ్చని పుస్తకం రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. పుచ్చకాయ కొనేటప్పుడు మనమూ తట్టే చూస్తాం కదా! ఇప్పటి పద్ధతిలో ఎడమచేతి మధ్యవేలిని పక్కటెముకల మధ్య గట్టిగా ఆనిస్తారు. కుడిచేతి మధ్యవేలి కొసతో, మణికట్టు మాత్రమే ఆడిస్తూ, దాని మీద టక్‌టక్‌మని రెండు దెబ్బలు. ఊపిరితిత్తి మీద బోలుగా మోగుతుంది, కాలేయం మీదికి రాగానే మొద్దుబారుతుంది. 1816లో లెనెక్ ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. పదేళ్లకు క్షయతో పోయాడు.

ఇక బోస్టన్. ఆలివర్ వెండెల్ హోమ్స్ 1833 నుంచి 1835 దాకా పారిస్‌లో వైద్యం చదివి, ఈ గొట్టం విద్య అంతా చూసి వచ్చినవాడు. 1847లో హార్వర్డులో అనాటమీ ప్రొఫెసరయ్యాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు తరవాతెప్పుడో వెళ్లి చదివిన హార్వర్డే. ప్రొఫెసరైన మరుసటేడు హోమ్స్ ‘ది స్టెతస్కోప్ సాంగ్’ అనే పాట కట్టాడు. కథ ఇదీ. బోస్టన్ కుర్ర డాక్టరు ఒకడు నిగనిగలాడే స్టెతస్కోపు కొన్నాడు. అందులోకి సాలీడు దూరి గూడు అల్లింది, ఆ గూట్లో రెండు ఈగలు చిక్కాయి. ఎన్నాళ్లుగానో నలతగా ఉన్న ఒక ముసలావిడ దగ్గర ఆ గొట్టం బయటికి తీయగానే లోపల జుంయ్‌మని చప్పుడు. ఇంకేం, రక్తనాళం ఉబ్బిందని తేల్చేశాడు. ఇంత అరుదైన కేసని తెలిసి చుట్టుపక్కల డాక్టర్లు ఇరవై మంది చొప్పున వచ్చి రోజూ ఆవిడ పక్కటెముకలు తట్టారు. ఆవిడ పోయింది!

తరవాత మెట్లెక్కితే ఆయాసపడే ఆరుగురు అమ్మాయిలు. వాళ్ల గుండెలు దడదడలాడితే బెదిరిన ఈగలు ఇంకా రెచ్చిపోయాయి. అందరూ చచ్చిపోతారన్నాడు. వాళ్లు భోరుమంటే ఆరుగురు అబ్బాయిలు కరిగిపోయి మనసులో మాట చెప్పేశారు, జబ్బులన్నీ మాయం. డాక్టరు పల్లెటూరి ప్రాక్టీసుకు దిగాడు. స్టెతస్కోపుల ధర పడిపోయింది. సొంత విద్యను ఇంత హాయిగా వెక్కిరించిన ప్రొఫెసర్లు ఎక్కడున్నా అరుదే. కొత్త యంత్రం రాగానే పూనకం వచ్చే డాక్టర్ల మీద ఇంతకంటే మంచి వెక్కిరింపు నేను చదవలేదు.

పాట పుట్టిన నాలుగేళ్లకు, 1852లో, న్యూయార్క్‌లో జార్జ్ కామన్ రెండు చెవుల స్టెతస్కోపు తయారుచేశాడు. బాల్టిమోర్‌లో 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్ విద్యార్థులను రోగి మంచం దగ్గరికి నడిపించాడు. సర్జన్ హార్వీ కుషింగ్ 1901లో ఇటలీ నుంచి బీపీ పట్టీ తెచ్చాడు. ఇక్కడిదాకా కథ నున్నగా సాగింది. ఎక్స్‌రే, ఎకో, స్కానింగ్ జోరందుకున్నాక చెయ్యి ముందో యంత్రం ముందో చెప్పడం కష్టం.

ఈ యంత్రాల మధ్యే 2004లో అమెరికా, రోగిని చూడటం వచ్చో రాదో తేల్చే ‘స్టెప్ 2 సీఎస్’ అనే పరీక్ష పెట్టింది. రోగులుగా నటించే పన్నెండు మంది, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలిస్‌లలోనే కేంద్రాలు. రెసిడెన్సీ కోసం మన పిల్లలు విమానమెక్కి వెళ్లి, తలుపు తట్టడం, చేతులు కడుక్కోవడం, ‘పరీక్షించవచ్చా’ అని అడగడం సహా బట్టీపట్టి రాసేవారు. కోవిడ్‌తో 2020లో ఆగింది, 2021 జనవరిలో ఎత్తేశారు. మరోపక్క స్టాన్‌ఫర్డ్‌లో అబ్రహం వర్గీస్, కంప్యూటర్ తెరలోని రోగికి ‘ఐపేషెంట్’ అని పేరు పెట్టి, మంచం దగ్గర చేసే పరీక్షలు ఇరవై అయిదింటిని మళ్లీ నేర్పుతున్నారు. ఆయనా సుబ్బారావు చదివిన మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థే.

అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న పిల్లలూ, కోచింగ్ మెటీరియల్ ఎక్కడికీ పోదు. హౌస్‌సర్జన్సీ ఉన్నన్నాళ్లూ గుంటూరు, కాకినాడ, ఉస్మానియా జనరల్ వార్డుల్లో రోగుల అనుమతి అడిగి, చేతులు కడుక్కుని, తట్టీ తడిమీ వినీ నేర్చుకునే వెళ్లండి.