రాతిమెట్ల యొద్ద ఒక పండుగ

సముద్రము మనకు దూరము. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల వారమైన మనము చెరువులను, జొన్నచేలను ఎరిగినవారమే గాని ఓడలను ఎరిగినవారము కాము. అయినను ఈ శతాబ్ది సంచికలో మేము ఒక ద్వీపమును గూర్చి, అచ్చటి వారు తమ పితరుల సముద్రయానమును ఏటేటా జ్ఞాపకము చేసికొను పండుగను గూర్చి వ్రాయుచున్నాము. అది మన ఇంటి సంగతియే.

హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపములో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చిరి. అంతకు ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' అను ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవున దింపినది. వారు ఛోటా నాగపూర్ కొండ ప్రాంతమునుండి పని వెదకుచు కలకత్తా చేరిన గిరిజనులు. ఐదేండ్ల ఒప్పందము, నెలకు ఐదు రూపాయల జీతము. అటు తరువాత 1920 వరకు సుమారు ఐదు లక్షల మంది భారతీయులు ఆ రేవున దిగిరి.

వారిలో మన తెలుగువారును ఉన్నారు. కాకినాడ చెంతనున్న కోరంగి, విశాఖపట్నము, మద్రాసు రేవులలో వారు ఓడలెక్కిరి. 1839 నాటి తుఫాను కోరంగి రేవును పాడుచేసినను ఆ పేరు చెడలేదు. బర్మాలో తెలుగు కూలీలను చాలకాలము 'కోరంగీలు' అనియే పిలిచిరి. నేడు మారిషస్‌లో ఉగాది సెలవు దినము. భాష మరచిన ఇండ్లలో సహితము రామభజన నిలిచియున్నది.

నల్లనీరు దాటినవానికి కులము పోవునని ఆ కాలపు నమ్మిక. ఓడలో వేర్వేరు కులములవారు ఒకే చోట తిని, ఒకే చోట పండుకొని, ఒకరినొకరు 'జహాజీ భాయి', అనగా ఓడ సోదరుడు, అని పిలుచుకొనిరి. దిగిన ప్రతివానికి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, ఊరు, ఓడ పేరు పుస్తకములో వ్రాసిరి. కొంతకాలమునకు ఛాయాచిత్రములును తీసిరి. దొరలు తమ లెక్క కొరకు వ్రాసినదే అయినను, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన ఆ పుస్తకములలో నేటి మనుమలు తమ తాతల ఊరి పేరు వెదకికొనుచున్నారు.

ఏటా నవంబరు 2న దేశమంతటికి సెలవు. పాలకులును ప్రజలును ఆ రేవునకు వచ్చి, కూలీలు ఎక్కిన రాతిమెట్ల యొద్ద పుష్పగుచ్ఛములుంచెదరు. 'ఆప్రవాసీ ఘాట్' అను ఆ స్థలమును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గమనించుడి: వారు పండుగ చేయునది రాజు గెలిచిన దినము కాదు, కూలి మూట దించిన దినము.

ఇశ్రాయేలీయులకును దేవుడు ఇదే నేర్పెను. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో, ప్రథమఫలముల గంప తెచ్చినవాడు తన పితరుడు దిక్కులేక పరదేశమున బ్రదికినవాడని ముందుగా ఒప్పుకొనవలెను. ఆ పంట సంతోషములో పరదేశికిని పాలుండవలెను.

మన పితరులును కూలివారే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ మహాదేవాలయము కరువు దినములలో కట్టబడినది. పాస్నెట్ దొరగారి పేరు మనకు కంఠస్థము. రాళ్ళు మోసి ఆ కూలితో పిల్లలను బ్రదికించుకొన్న మన తాతమ్మల పేర్లు ఎందరికి తెలియును?

నేడు మన గుడి వాకిటి ముందే ఇంకొక రేవున్నది. ఛోటా నాగపూర్ ఇప్పుడు చాలవరకు జార్ఖండ్ రాష్ట్రములో నున్నది. ఆ రాష్ట్రమునుండి, బీహారు, ఒడిశాల నుండి యువకులు మన పారిశ్రామికవాడలో పనికి దిగుచున్నారు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారములో జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు వలస వచ్చినవారు. డి.ఎన్.ఏ. పరీక్ష చేసిన గాని పలువురి దేహములు ఎవరివో తెలియలేదు. చనిపోకముందు వారి పేర్లు మనలో ఎవరము అడిగితిమి?

కాబట్టి మా మనవి ఇది. ఈ ఏటి కోతపండుగలో ప్రతి కుటుంబము తన పెద్దలు ఎచ్చటనుండి, ఏ పనికి వచ్చిరో సిగ్గుపడక చెప్పవలెను. సంఘపు పుస్తకములో ఆ సంగతి వ్రాయవలెను. అదే పుస్తకములో మన వీధి గదులలో అద్దెకున్న పరదేశి సోదరుని పేరు, ఊరు అడిగి వ్రాసి, అతనిని మన పంక్తిలో భోజనమునకు కూర్చుండబెట్టవలెను. ఓడ లేకపోయినను అతడు మన జహాజీ భాయియే.