రాత్రి వెలుగులో గాలి జాడ

నక్షత్రాలన్నిటినీ తీసివేసినా రాత్రి ఆకాశం పూర్తిగా నల్లబడదు. పగటి సూర్యరశ్మికి విడిపోయిన పరమాణువులు, అయానులు రాత్రివేళ తిరిగి కలుస్తూ సన్నని వెలుగును విడుస్తుంటాయి. సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున ఆకుపచ్చ వెలుగు, 250 కిలోమీటర్ల ప్రాంతంలో ఎర్రని వెలుగు. బెలూన్లు చేరలేని ఆ ఎత్తులలో గాలి ఎటు వీస్తున్నదో, వేడిమి ఎంతో మనకు చెప్పినది ఈ వెలుగే.

ఆకుపచ్చ గీతను ధ్రువకాంతిలో 1860ల చివర స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రోమ్ గమనించాడు. అది ఏ మూలకానిదో అర్ధశతాబ్దం తేలలేదు. ఖండచలన సిద్ధాంతకర్త వెగెనర్ అంతటివాడు 1911లో, హైడ్రోజన్ కంటే తేలికైన 'జియోకరోనియం' అనే వాయువును ఊహించి దానికి అంటగట్టాడు! 1923లో అమెరికాలో బాబ్‌కాక్ ఆ తరంగదైర్ఘ్యాన్ని 5577.35 ఆంగ్‌స్ట్రోములుగా కొలిచాడు. 1925లో టొరంటోలో మక్లెనన్, ష్రమ్ ప్రయోగశాలలోనే అదే గీతను ఆక్సిజన్ నుండి రాబట్టారు. జియోకరోనియం కథ అంతటితో ముగిసింది.

బాబ్‌కాక్ వాడినది ఫాబ్రీ, పెరో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1890ల చివర రూపొందించిన పరికరం. ఎదురెదురుగా నిలిపిన రెండు గాజు పలకల నడుమ కాంతి పదేపదే పరావర్తనం చెంది వలయాలుగా కనబడుతుంది. గాలి మనవైపు వస్తే వలయం కాస్త జరుగుతుంది. వేడిమి పెరిగితే వలయపు అంచు పలచబడి వెడల్పవుతుంది. సెకనుకు 100 మీటర్ల గాలికి తరంగదైర్ఘ్యంలో వచ్చే మార్పు ముప్పై లక్షలలో ఒక వంతు మాత్రమే. ఎర్రని కాంతి నిచ్చే పరమాణువు వెలిగే ముందు సగటున రెండు నిమిషాల దాకా ఆగుతుంది. ఆలోగా చుట్టుపక్కల అణువులతో ఢీకొని వాటి వేడిమినే తానూ పొందుతుంది గనుక ఆ కొలత నమ్మదగినది.

రాకెట్ నుండి సోడియం ఆవిరి వదలి, దాని కదలికను ఫొటోలు తీయడం మరొక పద్ధతి. 1963 నవంబర్ 21న తుంబా నుండి ఎగిరిన తొలి రాకెట్ చేసినది ఇదే. కాని అది సంధ్యవేళకు సరిపడిన కొద్ది నిమిషాల ముచ్చట. రాత్రి పొడుగునా కనిపెట్టి ఉండాలంటే గాజు పలకలే గతి.

అయితే వాటికీ ఒక చిక్కుంది. వలయం ఎక్కడినుండి జరిగిందో తెలియాలంటే, నిశ్చలమైన గాలిలో దాని స్థానమెక్కడో ముందుగా తెలియాలి. అలాంటి ఆనవాలు ఆకాశంలో లేదు. అందుచేత పరిశోధకులు పరికరాన్ని నడినెత్తికి తిప్పి, పైకీ కిందికీ గాలి లేదని అనుకొని, ఆ కొలతనే సున్నాగా పెట్టుకొంటారు. ధ్రువకాంతి ఉధృతంగా ఉన్న రాత్రులలో ఈ ఊహ చెల్లదు.