సామూహిక రచన – స్వేచ్ఛా లైసెన్సు: గోలకొండ కవుల సంచిక నుంచి తాడ్వాయి వ్యాసం దాకా

ప్రస్తావన

ఒక ఊరి చరిత్రను పదిమంది కలిసి రాస్తే ఆ రచన ఎవరిది? రాసిన పదిమందిదీ అని చెప్పడం సులభమే. కాని పదేళ్ల తరువాత అందులో ఒక తప్పును దిద్దాలన్నా, దానిని పుస్తకంగా అచ్చువేయాలన్నా, మరొక భాషలోకి అనువదించాలన్నా ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆనాటికి ఆ పదిమందిలో కొందరు ఊరు విడిచి ఉండవచ్చు, కొందరు మరణించి ఉండవచ్చు. తెలుగులో సామూహిక రచనకు ఘనమైన చరిత్ర ఉంది. ఆ రచనల సాహిత్య విలువపై విస్తృతంగా పరిశోధన జరిగింది. వాటి హక్కుల చరిత్రపై దృష్టి తక్కువ. సామూహిక రచనకు లైసెన్సును ఎన్నుకోవడమంటే తరువాతి తరానికి ఏ అధికారాన్ని అప్పగించాలో నిర్ణయించడమేనని, ఆ నిర్ణయం రచన మొదలైన రోజునే జరగవలసినదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోలకొండ కవుల సంచిక: హక్కుల కోణం

తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవుల రచనలను ఒకచోట చేర్చిన ఆ గ్రంథం ఒక ప్రాంతపు ఆత్మగౌరవ ప్రకటనగా చరిత్రలో నిలిచింది. నేటి గ్రంథస్వామ్య దృష్టితో చూస్తే అదే గ్రంథం ఒక చిక్కుముడి.

1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం ప్రకారం సాహిత్య కృతిపై హక్కు రచయిత జీవితకాలమూ, మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లూ ఉంటుంది. 1992 సవరణకు ముందు ఈ గడువు 50 ఏళ్లు. ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. కాబట్టి ఆయన సొంత రచనలపై హక్కు 2013 చివరితో ముగిసింది. సంచికలోని పద్యాలకు ఈ లెక్క వర్తించదు. సంకలనంపై సంకలనకర్తకు ఉండే హక్కు వేరు, అందులోని ఒక్కొక్క పద్యంపై దాని కవికి ఉండే హక్కు వేరు. 1934లో ఇరవై ఏళ్ల వయసున్న కవి 1990లో మరణించాడనుకుంటే, అతని పద్యంపై హక్కు 2050 చివరి వరకు వారసులకు ఉంటుంది. ఒకే గ్రంథంలో పక్కపక్కనే ఉన్న రెండు పద్యాలలో ఒకటి ప్రజల సొత్తు, మరొకటి కుటుంబపు ఆస్తి కావచ్చు. ఒక జాతి ఉమ్మడి వాఙ్మయమని మనం భావించే గ్రంథం చట్టం దృష్టిలో 354 వేర్వేరు కమతాలు.

ఇది సంకలనకర్త లోపం కాదు. రచయిత తన హక్కులో కొంత భాగాన్ని ముందుగానే లోకానికి ఇచ్చివేసే పత్రం ఆనాటికి రూపొందలేదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగినప్పుడు, తరువాతి కాలంలో ఆ కృషిని కాశీనాథుని నాగేశ్వరరావు చేపట్టారు. ఒక మహాప్రయత్నం కొనసాగడానికి అంతటి వ్యక్తి పూనిక అవసరమైంది. అటువంటి వ్యక్తి ముందుకు రాకపోయినా, ఎవరైనా పనిని అందుకోగల ఏర్పాటు ఉండాలన్నదే స్వేచ్ఛా లైసెన్సుల వెనుక ఉన్న ఆలోచన.

చట్టం చెప్పే మౌనార్థాలు

స్వచ్ఛంద బృందాలలో ఒక అపోహ ఉంది. అందరూ ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం లేకుండా రాశారు గనుక రచన బృందానిదేనని అనుకుంటారు. ఉద్యోగధర్మంగా చేసిన రచనపై, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానికి హక్కు ఉంటుంది. స్వచ్ఛంద కార్యకర్త ఉద్యోగి కాడు. అతను రాసిన భాగంపై హక్కు అతనిదే. బృందానికి నోటిమాటగా ఇచ్చిన సమ్మతి ఎంతవరకు చెల్లుతుందో తేల్చడం కష్టం.

లిఖితపూర్వక సమ్మతి ఉన్నా అందులో మౌనం ప్రమాదకరం. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే ఐదేళ్లని, ప్రదేశం చెప్పకపోతే భారతదేశమనీ 19వ సెక్షను భావిస్తుంది. 30ఏ సెక్షను ఈ నియమాలను అవసరమైన మార్పులతో లైసెన్సులకు కూడా వర్తింపజేస్తుంది. "మా రచనను వాడుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేస్తే, ఐదేళ్ల తరువాత ఆ అనుమతి నిలుస్తుందా అన్న సందేహానికి అదే తావిస్తుంది. క్రియేటివ్ కామన్స్ వంటి సిద్ధ లైసెన్సులు ప్రపంచమంతటికీ, హక్కు నిలిచి ఉన్నంతకాలానికీ అనుమతి ఇస్తున్నట్లు స్పష్టంగా పేర్కొనడానికి ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

లైసెన్సు మార్పు: 2009 అనుభవం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. అప్పటి వికీపీడియాలన్నింటిలాగే అది గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద నడిచింది. ఆ లైసెన్సు సాఫ్ట్‌వేరు మార్గదర్శక గ్రంథాల కోసం రూపొందినది. ప్రతి ప్రతితోను లైసెన్సు పూర్తి పాఠాన్ని జతచేయాలని అది కోరుతుంది. ఒక గ్రామ వ్యాసాన్ని ఒక్క కాగితంపై అచ్చువేసి బడిలో పంచాలంటే, దానికంటే ఎన్నో రెట్లు పొడవైన లైసెన్సు పాఠాన్ని కూడా పంచాలి. స్వేచ్ఛ ఉన్నా దానిని వాడుకునే వీలు తక్కువ.

2002 డిసెంబరులో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఈ ఇబ్బందిని తొలగించాయి. కాని వేలాదిమంది రాసిన వ్యాసాల లైసెన్సును మార్చడానికి వారందరి అనుమతి ఎలా సంపాదించాలి? మారుపేర్లతో రాసినవారు, అజ్ఞాతంగా రాసినవారు, తిరిగి రానివారు అనేకులు. ఈ సమస్యకు దారి చూపినది పాత లైసెన్సు ప్రకటనలోని ఒక చిన్న మాట: "లేదా తరువాతి ఏ కూర్పు అయినా". ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 నవంబరులో 1.3 కూర్పును విడుదల చేసి, ఇటువంటి సామూహిక రచనా స్థలాలు 2009 ఆగస్టు 1 లోగా క్రియేటివ్ కామన్స్‌కు మారే వెసులుబాటు కల్పించింది. వికీమీడియా నిర్వహించిన ఓటింగులో 17 వేలకు పైగా ఓట్లు పోలయ్యాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా మార్పును సమర్థించాయి. 2009 జూన్‌లో ఆట్రిబ్యూషన్–షేర్‌అలైక్ 3.0 అమలులోకి వచ్చింది.

ఓటింగు సమూహం అభిమతాన్ని తెలిపింది. చట్టబద్ధమైన మార్గాన్ని తెరిచింది మాత్రం తొలినాటి ఆ షరతే. ఆ నాలుగు మాటలు లేకపోతే మెజారిటీ ఎంత పెద్దదైనా మైనారిటీ రచయితల హక్కును తొలగించలేదు. సమూహం భవిష్యత్తులో మనసు మార్చుకోగల వీలును కూడా ఆరంభంలోనే రాసిపెట్టుకోవాలన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం.

తాడ్వాయి: సవరణ హక్కుకు పరీక్ష

ఈ సూత్రం తెలంగాణ గ్రామ చరిత్రలకు ఎలా వర్తిస్తుందో తాడ్వాయి ఉదాహరణ చెబుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలోని తాడ్వాయి 2016 వరకు నిజామాబాదు జిల్లాలో మండల కేంద్రం. ఆ ఏడాది అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. తాడ్వాయి కొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరింది. మేడారం జాతరకు ప్రసిద్ధమైన మరొక తాడ్వాయి మండలం అదే రోజున వరంగల్లు జిల్లా నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారింది.

ఒక్క రోజులో రాష్ట్రంలోని గ్రామ, మండల వివరణలు చాలావరకు పాతబడిపోయాయి. పేరు ఒకటే అయిన రెండు ఊళ్లను జిల్లా పేరుతో వేరుచేసి చెప్పిన చోటల్లా ఆ గుర్తు కూడా మారవలసి వచ్చింది. అచ్చులో ఉన్న పుస్తకాన్ని సవరించాలంటే రచయిత లేదా ప్రకాశకుడు పూనుకోవాలి. వికీ వ్యాసాన్ని, మొదట రాసినవారి ఆచూకీ తెలియకపోయినా, ఎవరైనా సవరించవచ్చు. తొలి రచయిత పేరు పేజీ చరిత్రలో చెక్కుచెదరదు. సవరించిన పాఠం కూడా అదే లైసెన్సు కింద ఉంటుంది. కర్తృత్వ గౌరవం, సవరణ స్వేచ్ఛ పరస్పర విరుద్ధాలు కావని ఈ ఏర్పాటు నిరూపిస్తుంది.

షరతుల ఎంపిక

బృందాలు సాధారణంగా రెండు అదనపు షరతులవైపు మొగ్గుతాయి. మొదటిది, వ్యాపారానికి వాడరాదన్న నిషేధం. తమ శ్రమను ఎవరో అమ్ముకుంటారన్న భయం సహజమే. కాని ధర పెట్టి అమ్మే చిన్న ప్రచురణకర్త కూడా ఆ నిషేధానికి లోబడవచ్చు. అటువంటి రచనను వికీపీడియాలో చేర్చుకోవడానికి వీలుండదు. రెండవది, మార్పు చేయరాదన్న నిషేధం. తాడ్వాయి వంటి సందర్భంలో అది రచనను పాత జిల్లాలోనే బంధిస్తుంది. తీసుకున్నవారు తిరిగి అదే స్వేచ్ఛతో ఇవ్వాలన్న షేర్‌అలైక్ నియమం దోపిడీ భయానికి మెరుగైన సమాధానం.

ఏ లైసెన్సు అయినా తనది కానిదానిని దానం చేయలేదు. ఇతర పుస్తకాల నుంచి ఎత్తిరాసిన భాగాలకు బృందం లైసెన్సు చెల్లదు. పాటలు పాడినవారి, కథలు చెప్పినవారి గొంతులను రికార్డు చేస్తే వారికి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. వారి సమ్మతిని వారికి అర్థమయ్యే మాటలలో ముందుగా తీసుకోవడం చట్టరీత్యానే కాక నైతికంగానూ అవసరం. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛా లైసెన్సును వెనక్కి తీసుకోలేమన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి.

ఉపసంహారం

గోలకొండ కవుల సంచికలో 354 మందిని ఒకచోట చేర్చింది ఒక సంపాదకుని దీక్ష. తెలుగు వికీపీడియా రచయితలను ఒకచోట నిలిపి ఉంచినది ఒక షరతు. మొదటిది సాధించిన ఐక్యత హక్కుల విషయంలో కవులతోపాటే విడిపోయింది. రెండవది రచయితలు లేకపోయినా నిలుస్తుంది. నేడు గ్రామ చరిత్రలు, మాండలిక పదకోశాలు, జానపద సంకలనాలు సిద్ధం చేస్తున్న బృందాలు మొదటి పుట రాయకముందే మూడు విషయాలను లిఖితపూర్వకంగా నిర్ణయించుకోవాలి: ప్రతి రచయితా తన భాగాన్ని ఏ లైసెన్సు కింద ఇస్తున్నాడు, ఆ లైసెన్సు తరువాతి కూర్పులకు అంగీకారం ఉందా, ఎవరి పేరు ఎలా పేర్కొనాలి. ఈ ఒక్క కాగితం లేకపోవడం వల్ల తరువాతి తరం ఎదుర్కొనే కష్టానికి 1934 నాటి ఆ మహాసంకలనమే సాక్ష్యం.